అరణ్యంలో జొన్నరొట్టె

జూన్ 12, బుధవారం

ఈ డైరీ జాయ్సీ ఇచ్చింది. నా కోడలు. పంజగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. మందుల కంపెనీవాళ్ళు వాళ్ళకు ఊరికే ఇస్తారట. ఇది పోయిన ఏడాదిది. తేదీ సరిపోతుంది, వారం సరిపోదు. అచ్చు వేసిన వారాన్ని కొట్టేసి పైన నేను రాసుకుంటున్నాను.

ఎందుకు నాకు ఇది అన్నాను. మామా, నువ్వు రోజంతా ఒక్క మాట సుత మాట్లాడుతలేవు, కనీసం రాసుకో అన్నది. మాట్లాడడానికి ఎవరున్నారు. గోడతో మాట్లాడే రకం కాదు నేను. కాగితంతో మాట్లాడే రకం కూడా కాదు. చూద్దాం.

నా రాత బాగుండదు. చర్చి రాత్రిబడిలో నేర్చుకున్న రాత. ఒత్తులు తప్పుతాయి. ఎవరూ చదవరు కనుక ఫికర్ లేదు.

జూన్ 13, గురువారం

మొదటి పేజీలో పేరు రాయమని ఉంది. యెషయా అని రాశాను. దాని కింద వృత్తి అని ఉంది. వ్యవసాయం అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

మా ఊరు మెదక్ వైపు. ఇప్పుడు లేదు. రిజర్వాయర్ కింద పోయింది. ఇల్లు, రెండున్నర ఎకరాలు, బావి, చర్చి, చర్చి వెనక సమాధుల తోట. యేసుమణి సమాధి కూడా అందులోనే. నా భార్య. ఊరి నిండా నీళ్ళు నిలిపి నన్ను ఇక్కడికి పంపారు. ఇక్కడ అమీర్‌పేటలో మూడో అంతస్తులో నేను ట్యాంకర్ కోసం బకెట్ పట్టుకుని నిలబడుతున్నాను.

ఇంక రాయను ఈ రోజు.

జూన్ 23, ఆదివారం

చర్చికి తీసుకుపోయారు. నాకు పోవాలని లేదు. దేవుడికీ నాకూ మధ్య ఒక మాట తేలవలసి ఉంది. జాయ్సీ ముఖం చూసి పోయాను.

చర్చి అయ్యగారి పేరు ఆండ్రూ. గుంటూరు వైపు మనిషి. చెయ్యి పట్టుకుని వదల్లేదు. రండి రండి యెషయాగారూ, మనమంతా అరణ్యయాత్రలో ఉన్నామండీ, దేవుడే నడిపిస్తాడు అన్నాడు. అరణ్యమట. చర్చి బయట ఉన్నది ఒక్క వేపచెట్టు. దానికి కూడా ఫ్లెక్సీ కట్టారు.

తరువాత అసలు సంగతి చెప్పాడు. నవంబరులో కోత పండుగ ఉంది. సంఘంలో నిజమైన రైతు మీరొక్కరే, మొదటి పన మీరే పట్టుకుని ముందు నడవాలండీ అన్నాడు. పన అంటే కోసి కట్టిన వరి కట్ట. మా ఊళ్ళో కోత పండుగకు ఎవరి పొలంలో ఏది ముందు వస్తే అది తెచ్చి చర్చిలో బల్ల ముందు పెట్టేవారు. వరి, సొరకాయ, కోడిపుంజు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో వేలం పాడేవారు. నా వరి కట్ట ప్రతి ఏడూ అన్నిటికంటే ముందు నిలబడేది. అలా నిలబడేలా నేనే కాస్త ముందుకు జరిపేవాణ్ణి.

నాకు పొలం లేదు అయ్యగారూ అన్నాను. ఆయన నవ్వాడు. అది నవ్వే మాట కాదు.

జూలై 5, శుక్రవారం

ఇన్నాళ్ళయింది. మీది ఏ ఊరు అని ఒక్క మనిషి అడగలేదు.

జూలై 14, ఆదివారం

నా కొడుకు ప్రేమ్ సాగర్‌ది పంజగుట్టలో అకౌంట్స్ ఉద్యోగం. పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. జాయ్సీకి షిఫ్టులు. ఇంట్లో ఉండేది నేనూ ఫ్రిజ్జూ. అది అప్పుడప్పుడు మూలుగుతుంది. నేను మూలగను.

కిందికి దిగి తిరగడం మొదలుపెట్టాను. సందు దాటితే కోచింగ్ సెంటర్లు. ఒక గోడ మీద వంద బోర్డులు. ఒకటీ అర్థం కాలేదు, అన్నీ ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసి పెట్టారు. ఒకడు నాకు కూడా కాగితం ఇచ్చాడు. ఏందిది అంటే, డెమో క్లాస్ ఫ్రీ అంకుల్, జాబ్ గ్యారంటీ అన్నాడు. ఏం పని ఇస్తావు అన్నాను. అప్పుడు నా ముఖం చూశాడు. మీ పిల్లలకు చెప్పున్రి అన్నాడు. నా కొడుక్కు తల నెరుస్తోంది అన్నాను. వాడు వేరే మనిషి దగ్గరికి పోయాడు.

పంజగుట్ట దాకా మెట్రో లైను పక్కనే నడిచాను. ఎండ మండిపోతోంది. పైన రైలు పోతే ఒక్క నిమిషం దాని నీడ రోడ్డు మీద నాతో పాటు నడిచింది. తరువాత నన్ను వదిలి పోయింది. మళ్ళీ రైలు వచ్చేదాకా పిల్లర్ దగ్గర ఆగాను. మళ్ళీ నీడ వచ్చింది. ఈ ఆట బాగానే ఉంది. ఎవరూ చూడలేదు.

జూలై 27, శనివారం

ఈ రోజు చప్పుడు వినబడింది.

సాయంత్రం ఎస్.ఆర్. నగర్ వైపు హాస్టళ్ళ సందులో పోతున్నాను. బస్సులు, హారన్లు, జెరాక్స్ మిషన్లు. వాటి మధ్యలో జొన్నరొట్టె తట్టే చప్పుడు. అరచేయి పిండి మీద పడే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. మా ఇంట్లో రోజూ పొద్దుగూకితే అదే కదా. నా కాళ్ళు అటే పోయాయి.

తోపుడు బండి మీద గ్యాసు పొయ్యి, పెద్ద పెనం. ఒక ఆమె తడుతోంది. చుట్టూ హాస్టల్ పిల్లలు. నేను చాలాసేపు చూశాను. చూసి ఊరుకుంటే నేను నేను కాదు. నీ పిండి పాతది, అంచులు పగులుతున్నాయి అన్నాను. ఆమె తల ఎత్తలేదు. తింటే తిను లేకుంటే లేదు పెద్దయ్యా, గిరాకీకి అడ్డం నిలబడ్డవ్, జర పక్కకు జరుగు అన్నది.

జరిగాను. తరువాత ఒకటి కొన్నాను. అంచులు పగిలాయి కానీ రొట్టె బాగుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పేరు లచ్చమ్మ. పాలమూరు వైపు వాళ్ళు. ఆమె మొగుడు నర్సింహులు పక్కనున్న హాస్టల్‌కు వాచ్‌మన్. వాళ్ళకూ ఒకప్పుడు పొలం ఉండేదట. ఏమైందో నేను అడగలేదు. వాళ్ళూ నన్ను అడగలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

ఇంటి ప్రార్థన మా ఇంట్లో పెట్టారు. ముందు గదిలో చాప మీద, సోఫా మీద, తలుపు బయట దాకా మనుషులు. అయ్యగారు బైబిల్లో అరణ్యం గుండా నలభై ఏళ్ళు నడిచిన జనం సంగతి చెప్పాడు. తిండి లేదని సణిగారు, నీళ్ళు లేవని సణిగారు. చిన్నప్పటి నుంచీ నాకు ఆ జనమంటే పడదు.

వాక్యం అయ్యాక ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నాడు. నేను లేచాను. అరణ్యంల ఉండి తిండి లేదని సణుగుడేంది, సోమరిపోతులు కాకపోతే అన్నాను. ఇప్పపువ్వు లేదా, తునికిపండు లేదా, తేనె లేదా, గడ్డలు తవ్వుకోరాదా అన్నాను. నన్ను చెట్ల నీడన నలభై ఏండ్లు నడువమంటే నేను నడువనా అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాటలు పాడే అమ్మాయి ఒలీవియా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు మెల్లగా చెప్పాడు. పెద్దాయనా, అక్కడ అరణ్యం అంటే అడవి కాదండీ, ఎడారి అన్నాడు. ఇసుకండీ, చెట్టూ చేమా ఏం ఉండవు, తెలుగులో అలా రాశారంతే అన్నాడు.

అప్పుడు గదంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. ముసలాయన ముద్దుగా అన్నాడని నవ్వారు. అదే నాకు పట్టరాలేదు. ప్రేమ్ సాగర్ ఒక్కడే నవ్వలేదు. తల దించుకుని చాప పుల్లలు పీకాడు.

ఆగస్టు 10, శనివారం, పొద్దున ఐదు

ఇసుక.

ఇన్నేళ్ళూ నా తలలో వాళ్ళు చెట్ల కింద నడిచారు. టేకు చెట్లు, మద్ది చెట్లు. డేరాలు నీడలో వేసుకునేవారు. ఆడవాళ్ళు ఎండుకట్టెలు ఏరుకునేవారు. ఒక వాగు కూడా పెట్టాను నేను. యేసుమణి పోయినప్పుడు ఆమె కూడా ఆ చెట్ల కిందనే పోతోందనుకున్నాను. ఎండ తగలదులే అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కో చెట్టూ పీకాలి. ఈ వయసులో ఎంత పని.

ఆగస్టు 11, ఆదివారం

మోకాళ్ళ నొప్పి అని చెప్పి చర్చికి పోలేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఆగస్టు 22, గురువారం

లచ్చమ్మ బండి దగ్గర కూర్చోవడానికి నూనె డబ్బా బోర్లించి వేస్తోంది. నేను అడగలేదు. రోజూ నిలబడి నా రొట్టెలకు దిష్టి పెడుతున్నవ్, కూసొని పెట్టు అన్నది.

ఈ రోజు గిరాకీ తక్కువ. వాన పడింది. తడిసిన రోడ్డు నుంచి మట్టి వాసన రాదు ఇక్కడ, తారు వాసన వస్తుంది. అయినా ముక్కు పెట్టి చూశాను. కొంచెం ఉంది. పిల్లర్ చుట్టూ పోసిన మట్టిలో నుంచి కాబోలు.

ఎందుకో వాళ్ళకు అరణ్యం సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. లచ్చమ్మకు కోపం వచ్చింది. అరణ్యం అంటే అడివే పెద్దయ్యా, మా దేవుడు సుత అరణ్యవాసం పోయిండు, ఆకుల గుడిసె ఏసుకున్నడు, ఇసుకల గుడిసె ఎట్ల నిలబడ్తది, మీ అయ్యగారికే తెల్వదు అన్నది.

నర్సింహులు గొడుగు పట్టుకుని ఆలోచించాడు. మాది పద్నాలుగేండ్లే అన్నా, మీది నలభై, మీవోళ్లకు తొవ్వ చూపెటోడు లేకుండెనా ఏంది అన్నాడు. ఉన్నాడు, దేవుడే, ఆయనే తిప్పాడు అన్నాను. ఎందుకు అన్నాడు. సణిగారని అన్నాను.

అట్లయితే గీ పెద్దయ్యకు నూరేండ్లు పడతయ్ అన్నది లచ్చమ్మ.

నాకు నవ్వు వచ్చింది. దగ్గినట్టు చేశాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

సందు సందుకు వినాయకుడు. మైకులు. ఇంట్లో కిటికీలు మూసినా పాటలు లోపలే ఉన్నాయి. ఈ ఆదివారం కూడా పోలేదు. జాయ్సీ అడగడం మానేసింది. అడగడం మానేస్తే బాగుంటుందనుకున్నాను. బాగా లేదు.

డ్యూటీకి పోతూ తలుపు దగ్గర ఆగింది. కోత పండుగకన్న వస్తవు కదా మామా, అయ్యగారికి మాట ఇచ్చిన అన్నది. ఎవరిని అడిగి ఇచ్చావు అన్నాను. చెప్పు సర్దుకుంది. సర్దుకోవలసిన పని లేదు, చెప్పు బాగానే ఉంది. వెళ్ళిపోయింది.

నిజం రాసుకోవాలంటే నాకూ పోవాలనే ఉంది. ఏం పట్టుకుని పోవాలన్నదే తేలడం లేదు. ఉత్త చేతులతో నేను కోత పండుగకు ఎన్నడూ పోలేదు. కరువు ఏడు కూడా గోడ మీద కాసిన ఒక్క సొరకాయ తెచ్చి పెట్టాను.

అక్టోబర్ 6, ఆదివారం

ప్రేమ్ సాగర్‌తో మాటా మాటా వచ్చింది.

వాడి ఆఫీసులో ప్రమోద్ అని ఒక స్నేహితుడు ఉన్నాడు. ఆయనకు జనగామ దగ్గర పొలం ఉంది. బాపూ, వాళ్ళ మడిల నుంచి వరి కట్ట తెప్పిస్త, నువ్వు ఊకె పట్టుకొని నిలబడితే చాలు అన్నాడు. వాడు మంచికే అన్నాడు. నాకు తెలుసు. తెలిసీ నోరు ఆగలేదు. పరాయి పంట పట్టుకుని దేవుని ముందు నిలబడితే దాన్ని దొంగ సాక్ష్యం అంటారు అన్నాను.

అందరు కొన్నయే తెస్తరు బాపూ, ఆపిల్ పండ్లు ఎవల పొలంల కాస్తున్నయ్ గీడ అన్నాడు. తెచ్చుకోనీ, వాళ్ళు రైతులమని చెప్పుకోవడం లేదు అన్నాను.

పొలం పోయింది బాపూ, నీకు ఎట్ల సమజ్ చెయ్యాలె అన్నాడు. ఆ పొలంలో వాడు కూడా నాట్లు వేశాడు. ఆ మాట నాకు తరువాత గుర్తు వచ్చింది. అప్పటికి వాడు స్నానానికి పోయాడు.

అక్టోబర్ 15, మంగళవారం

దసరా అయింది. లచ్చమ్మ బండి మీద పట్టా కప్పి తాళ్ళతో కట్టేసి ఉంది. ఆ సందు మొదటిసారి ఉత్త సందులా కనబడింది.

హాస్టల్ గేటు దగ్గర నర్సింహులు చెప్పాడు. మెట్లు కడుగుతుంటే జారి పడిందట. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. తీసే సరికి క్రిస్‌మస్ దగ్గరికి వస్తుందట. చేతి సంగతి కంటే ఆయనకు జాగా సంగతే ఎక్కువ బాధ. జాగా ఖాళీగ కనబడ్తే ఉండదన్నా, మోమోల బండోడు ఇప్పటికే వచ్చి అడుగులతోటి కొలుసుకొని పోయిండు అన్నాడు.

మెట్ల కింద గదిలో లచ్చమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నిన్న నర్సింహులు రొట్టెలు కొట్టి చూశాడట. మా ఆయన రొట్టె చేస్తే ఒక్కోటి ఒక్కో జిల్లా పటం పెద్దయ్యా, ఒకటి ఆదిలాబాద్, ఒకటి ఖమ్మం అన్నది. నవ్వింది కానీ కళ్ళు నవ్వలేదు.

నేను కొడతా అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నేను జన్మలో పొయ్యి ముట్టించిన వాణ్ణి కాదు.

అక్టోబర్ 16, బుధవారం

పిండి ముట్టే ముందు ఒక మాట అడిగాను. అడగకుండా ముట్టడం నాకు నచ్చలేదు.

మాది ఊరి చివరి వాడ. నా వడ్లు ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళే కొనేవారు. గింజ గట్టిదని నా దగ్గరికే వచ్చేవారు. నేను పండించిన బియ్యం అన్నం తిని బతికారు. నేను వండింది, మా ఇంట్లో వండింది, ఒక్క మెతుకు ముట్టలేదు. మా కుండ నీళ్ళు ముట్టలేదు. అది అక్కడ మామూలు. దాని మీద ఎవరూ డైరీ రాసుకోరు.

ఇదంతా చెప్పలేదు వాళ్ళకు. లచ్చమ్మా, మాది చివరి వాడ, నా చేతి రొట్టె నీ బండి మీద అమ్ముతావా అన్నాను. అంతే.

లచ్చమ్మ నర్సింహుల వైపు చూసింది. ఆయన నేల చూశాడు. ఆ ఆగడం నేను చూశాను. చూశానని రాసుకుంటున్నాను.

తరువాత ఆమె అన్నది. గీడ గిరాకీ అడిగేది ఒక్కటే పెద్దయ్యా, ఉల్లిగడ్డ ఉన్నదా లేదా అని, ఇంకో ముచ్చట ఎవ్వలు అడుగుతలేరు, కూసో, నీళ్లు మసులుతున్నయ్ అన్నది.

మసిలే నీళ్ళు పిండిలో పోసి కలపాలి. చెయ్యి కాలింది. తట్టితే విరిగింది. ఎత్తితే విరిగింది. పెనం మీద వేస్తే మడత పడింది. లచ్చమ్మ పక్కన నూనె డబ్బా మీద కూర్చుని కట్టు ఉన్న చేత్తో చూపిస్తూ తిట్టింది. నాగలి పట్టినట్టు పట్టకు పెద్దయ్యా, పసిపిల్లను పండవెట్టినట్టు తట్టు అన్నది. ప్రేమ్ సాగర్‌ను కూడా నేను పడుకోబెట్టలేదు, నాకెలా తెలుస్తుంది.

ఈ రోజు చేసినవి అన్నీ కుక్కలకు పోయాయి. అమీర్‌పేట కుక్కలు బలిసి ఉన్నాయి, అవీ వాసన చూసి ఆలోచించాయి.

అక్టోబర్ 21, సోమవారం

మొదటి రొట్టె గుండ్రంగా వచ్చింది. పొంగింది.

పెనం మీద నుంచి తీసి పళ్ళెంలో పెట్టాను. లచ్చమ్మ ఎడమ చేత్తో తుంచింది. ఉల్లిగడ్డ నంజుకుని తిన్నది. నేను ఆమె నోరు చూస్తున్నానని తెలిసి కూడా మెల్లగా నమిలింది.

మందమైంది అన్నది. ఇంకో తునక తుంచుకుంది.

సాయంత్రం పట్టా తీసి బండి తెరిచాం. హాస్టల్ పిల్లలు వచ్చారు. తాతా రెండు, తాతా నాకు మెత్తగ, తాతా జల్ది. ఎక్కడెక్కడి పిల్లలో. ఎవరి పిల్లలో. నా చేతి రొట్టె నిలబడి తిన్నారు. కారం ఎక్కువైందన్నారు. ఇంకేమీ అనలేదు. మోమోల మనిషి ఒకసారి వచ్చి చూసి పోయాడు.

ఊరు అడగని ఊరు ఇది. జూలైలో ఆ మాట రాసి బాధపడ్డాను. ఈ రోజు అదే మాట రాసి పడుకుంటాను.

నవంబర్ 4, సోమవారం

ప్రేమ్ సాగర్ చూశాడు.

బైకు మీద ఎవరినో ఎక్కించుకుని మా సందులో నుంచి పోతున్నాడు. ట్రాఫిక్ ఆగింది. బండికి ఎదురుగానే ఆగాడు. నా చేతిలో పిండి ముద్ద ఉంది. వాడు హెల్మెట్ తీయలేదు. వెనక కూర్చున్నవాడు, సార్ రొట్టె తిందామా అన్నాడు. వద్దు, లేట్ అయితది అన్నాడు నా కొడుకు. పోయాడు.

ఇంటికి వచ్చాక తలుపు వేసి మొదలుపెట్టాడు. తిండి పెడతలేనా బాపూ, మందులు తెస్తలేనా, ఫుట్‌పాత్ మీద రొట్టెలు కొట్టుడేంది, మా ఆఫీసోళ్లందరు గా తొవ్వలనే పోతరు, నా ఇజ్జత్ ఏం గావాలె అన్నాడు. నీ ఇజ్జత్ హెల్మెట్‌లో భద్రంగానే ఉంది కదరా అన్నాను.

ఆ మాట అనవలసింది కాదేమో. అన్నాను. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు.

నవంబర్ 5, మంగళవారం

జాయ్సీ ఆసుపత్రి నుంచి కాలిన గాయాల మందు తెచ్చింది. నా వేళ్ళకు తనే పూసింది. పూయడం అయ్యాక, పెనం మీద తిప్పేటప్పుడు వేళ్లకు నీళ్లు అద్దుకో మామా, మా అమ్మ గట్లనే చేస్తుండె అన్నది.

నవంబర్ 9, శనివారం

జనగామ నుంచి వరి కట్ట వచ్చింది. పేపరు చుట్టి ముందు గదిలో మూలకు నిలబెట్టారు. ఇల్లంతా కోత వాసన. ఎవరూ లేనప్పుడు దగ్గరికి పోయి ఒక వెన్ను నలిపి చూశాను. గింజ గట్టిది. మంచి రైతు. ఎవరో నాకు తెలియదు. మళ్ళీ పేపరు చుట్టి పెట్టాను.

ప్రేమ్ సాగర్ నాతో మాట్లాడడం లేదు. వరి కట్ట నువ్వే పట్టుకో అని వాడికి జాయ్సీ చేత చెప్పించాను. మరి బాపు వస్తడా రాడా అని వాడు జాయ్సీనే అడిగాడు. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను.

సాయంత్రం లచ్చమ్మకు చెప్పాను. రేపు తెల్లవారుజామున పెనం కావాలి, పిండి నాది, చెయ్యి నాది, పొయ్యి నీది అన్నాను. మీ కోత పండుగకు రొట్టెలా అన్నది. కోసేది లేనప్పుడు ఇంకేం తీసుకుపోవాలి అన్నాను. తీస్కపో గానీ, నా పెనం మీద కాల్చినవి గుండ్రంగ లేకుంటే నా పేరు చెప్పకు అన్నది.

నవంబర్ 10, ఆదివారం

చీకటి ఉండగానే మొదలుపెట్టాను. సందులో మనిషి లేడు. తట్టే చప్పుడు గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఇద్దరు తడుతున్నట్టుంది. కాసేపు ఆపి విన్నాను. మళ్ళీ మొదలుపెట్టాను.

తట్టలో బట్ట పరిచి, రొట్టెలు పేర్చి, మీద ఇంకో బట్ట కప్పి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పోయాను. ఒక్కణ్ణే. తొడలు కాలాయి.

బల్ల ముందు గుమ్మడికాయలు, ఆపిల్ పండ్లు, బిస్కట్ డబ్బాలు, బియ్యం ప్యాకెట్లు. కొన్నిటికి దుకాణం చీటీలు ఊడలేదు. ప్రేమ్ సాగర్ వరి కట్ట పట్టుకుని ముందు నడిచాడు. వాడికి పట్టుకోవడం వచ్చు. వెన్నులు కిందికి వాలేలా పట్టుకున్నాడు. నేను నేర్పిందే.

నా వంతు వచ్చినప్పుడు అయ్యగారు బట్ట ఎత్తి చూశాడు. ఆవిరి ఆయన కళ్ళద్దాలకు పట్టింది. ఏంటండీ ఇవి అన్నాడు. మైకు దగ్గరగా ఉంది, అందరికీ వినబడింది. నా పంట అన్నాను. నా పొలం నీళ్ళ కింద ఉంది అయ్యగారూ, మీరు చెప్పిన ఇసుకలో ఇదే పండింది అన్నాను. చల్లారితే పనికిరాదు, ముందే చెబుతున్నాను అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను పోయి వెనక వరసలో కూర్చున్నాను. చర్చి అంతా జొన్న వాసన. పిల్లలు మాటిమాటికీ బల్ల వైపు తిరిగారు. ముసలివాళ్ళు కూడా తిరిగారు. అయ్యగారు ప్రసంగం ఎప్పటికంటే తొందరగా ముగించాడు.

ఆరాధన అయ్యాక తట్టను వాకిట్లోకి తెచ్చి పెట్టారు. వేలం పాడే ఆయన గుమ్మడికాయ దగ్గర ఉండగానే ఒక ముసలామె తట్ట దగ్గరికి వచ్చింది. అడగలేదు. ఒకటి తీసుకుని కొసన తుంచింది. ఎన్నేండ్లాయెనో అన్నది. తరువాత ఇంకొకరు. ఒలీవియా రెండు తిన్నది. అయ్యగారు గుంటూరు మనిషి, జొన్నరొట్టె తినడం రాదు, ముక్కలు చేసి బిస్కట్లలా తిన్నాడు. వేలం పాడే ఆయన తట్ట ఎత్తి చూస్తే లోపల బట్ట ఉంది. నన్నేం పాడమంటరు, బట్టనా అన్నాడు.

ప్రేమ్ సాగర్ వరి కట్ట దగ్గరే నిలబడి ఉన్నాడు. రొట్టె వాడి దాకా రాలేదు. వాడు అడగలేదు. నేను అనలేదు. మామా, నీ కొడుకు ఉత్త తట్టల రెండుసార్లు చూసిండు అని ఆటోలో జాయ్సీ నా చెవిలో చెప్పింది.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక ఇదంతా యేసుమణికి చెప్పాలనిపించింది. నేను రొట్టె కొట్టానంటే నమ్మేది కాదు. చేతులు చూపించమనేది. లేచి చెప్పులు వేసుకున్నాను కూడా. ఎక్కడికి పోయి చెప్పాలి. చెప్పులు విప్పాను.

నవంబర్ 11, సోమవారం

సాయంత్రం బండి దగ్గరికి ప్రేమ్ సాగర్ వచ్చాడు. వెనక ఆఫీసువాళ్ళు ఇద్దరు ఉన్నారు. హాస్టల్ పిల్లల వెనక నిలబడ్డాడు. నేను పిలవలేదు. వంతు వచ్చింది.

పార్సిలా అని అడిగింది లచ్చమ్మ.

వద్దు, గీడనే తింట అన్నాడు.